లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా ఎవరిది?

తెలంగాణలో అనుమతి ఉన్న లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన జాగా మున్సిపాలిటీదే. వెంచర్ వేసినాయనదీ కాదు, కాలనీ సంఘానిదీ కాదు.

మొత్తం జాగాలో 10 శాతం ఖాళీగా వదలాలన్న షరతు మీదే లేఅవుట్‌కు అనుమతి ఇస్తారు. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని కూడా గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి అప్పగించాలి. ఆ జాగా ఖరీదు ఎలాగూ మీ ప్లాటు ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

పరకాలలోనో జమ్మికుంటలోనో 4 ఎకరాల్లో వెంచర్ వేశారనుకుందాం. అంటే 160 గుంటలు. అందులో పార్కు వాటా 16 గుంటలు, 1,936 గజాలు. 200 గజాల చొప్పున కోస్తే తొమ్మిది ప్లాట్లు పైనే వస్తాయి. తుమ్మచెట్లు మొలిచిన ఆ మూల మీద అందరి కన్నూ ఎందుకు పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

చాలామంది పొరపడేది ఎల్‌ఆర్‌ఎస్ దగ్గర, అంటే అనధికార లేఅవుట్లలోని ప్లాట్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం దగ్గర. అందులో ఓపెన్ స్పేస్ (ఖాళీ స్థలం) చార్జీ కింద ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుంటారు కాబట్టి, డబ్బు కడితే పార్కు జాగా కూడా క్రమబద్ధం అవుతుందనుకుంటారు. కాదు. ఆ చార్జీ అసలు పార్కే వదలని అనధికార లేఅవుట్లలోని ప్లాట్లకు. అనుమతి పొందిన లేఅవుట్‌లో పార్కుగా చూపిన స్థలాన్ని ప్లాటు చేసి అమ్మితే ఎల్‌ఆర్‌ఎస్ వర్తించదు. అది కొన్నవాళ్లు మునిగినట్టే. కాలనీ సంఘం తీర్మానం చేసినా, గుడి కోసమే అన్నా, హక్కు మారదు.

ఇక మొక్కలకు, కంచెకు నిధుల్లేవనే మాట తరచూ వినిపిస్తుంది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే కేటాయించాలి, అడగొచ్చు.