మైగ్రేన్‌కు డాక్టర్ రాసిన మాత్ర నొప్పి వచ్చినప్పుడల్లా వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారో లెక్క ఉండాలి. సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పికే వాడే మందులు) నెలకు 10 రోజులు, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి 15 రోజులు లేదా అంతకంటే ఎక్కువ వాడుతూ 3 నెలలు దాటితే, ఆ మందు వల్లే తలనొప్పి రావచ్చు. పొద్దున లేస్తూనే తల పట్టేస్తుంది. మాత్ర వేస్తే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ అదే కథ. జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర వేస్తారు చూడండి, చిక్కంతా అక్కడే. క్యాలెండర్‌లో మాత్ర వేసిన రోజుకు టిక్కు పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి.

ట్రిప్టాన్‌ను కళ్ల ముందు మెరుపులు కనబడే దశలో కాదు, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. తగ్గి మళ్లీ వస్తే రెండో సుమాట్రిప్టాన్ మాత్రకు కనీసం 2 గంటలు ఆగాలి. ట్రిప్టాన్ రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు వాడకూడదు.

నివారణకు రోజూ వేసే మందుల సంగతి వేరు: ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ పనికిరాదు, గర్భిణులకు వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ ప్రమాదం. పక్కింటివాళ్ల చీటీ చూసి కొనేవి కావివి.

ఎప్పుడూ లేనంత తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, మాట తడబడినా మాత్ర వెతక్కండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.