పాత కేసులో జరిమానా పడిన అబ్బాయికి ప్రభుత్వ ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: డిగ్రీ చదివే రోజుల్లో జరిగిన కొట్లాట కేసులో మా అబ్బాయికి కోర్టు జరిమానా విధించింది. ఇప్పుడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. శిక్ష పడినవారిని పోలింగ్ డ్యూటీకి కూడా తీసుకోరని, అలాంటప్పుడు ఉద్యోగం ఎలా ఇస్తారని బంధువులు అంటున్నారు. కేసు సంగతి రాయకుండా దరఖాస్తు చేయించాలా, పార్టీల సర్వే సంస్థలో చేర్పించాలా? – ఒక తండ్రి

జవాబు: ముందుగా మీ బంధువుల మాట పక్కన పెట్టండి. పోలింగ్ సిబ్బందిగా సాధారణంగా ఇప్పటికే ప్రభుత్వ కొలువుల్లో ఉన్నవారినే జిల్లా ఎన్నికల అధికారి నియమిస్తారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 26వ సెక్షన్ ఆ విధులకు పనికిరారని చెప్పేది ఆ ఎన్నికలో ఏదైనా అభ్యర్థి కోసం పనిచేసినవారి గురించే. పాత శిక్షల ప్రస్తావన అందులో లేదు. రెండేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడితే అనర్హత అనే 8వ సెక్షన్ నిబంధన చట్టసభలకు పోటీ చేసేవారికి సంబంధించినది.

అసలు పరీక్ష ఉద్యోగానికి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో ఉంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీపై కేసు నడిచిందా, కోర్టు జరిమానా వేసిందా అని అందులో విడివిడిగా అడుగుతారు. అక్కడ "లేదు" అని రాయించాలన్న ఆలోచన తండ్రిగా మీకు రావడమే నాకు బాధ కలిగించింది. అబ్బాయి చేసిన తప్పుకు శిక్ష అయిపోయింది. మీరు చేయించబోయే తప్పు పోలీసు విచారణలో బయటపడితే, చేరిన తర్వాత కూడా ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగ ఫారంలో పాత కేసులను దాచడంపై నడిచిన అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, నిజం చెప్పినా అభ్యర్థి పూర్వాపరాలు చూసి నిర్ణయించే అధికారం నియామక సంస్థకు ఉంటుంది. అయితే చిన్నవయసులో జరిగిన స్వల్ప నేరాలను ఉదారంగా చూడవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. మోసం, దొంగతనం వంటి నైతిక పతనంతో ముడిపడిన నేరాల విషయంలో అంత ఉదారత ఆశించలేము. పోలీసు ఉద్యోగాల్లో పరిశీలన మరింత కఠినంగా ఉంటుంది.

సర్వే సంస్థల గురించి నా సందేహం దాచను. ఇటీవల డిగ్రీ పూర్తిచేసిన చాలామంది పిల్లలు రాజకీయ వ్యూహ సంస్థల పేరు చెప్పి ఉత్సాహపడుతున్నారు. ఎన్నికల ముందు నెలల తరబడి ఊళ్లు తిరిగి అభిప్రాయాలు సేకరించడం, ఫోన్లలో ప్రచారం నడపడం వంటి పనులుంటాయి; ఫలితాలు వచ్చాక వారిలో ఎంతమందికి పని మిగులుతుందో చేరేముందే అడిగి తెలుసుకోవాలి. పార్టీల మధ్య ఘర్షణలు ముదిరే ఆ వాతావరణంలోకి, ఒకసారి కొట్లాట కేసు చూసిన కుర్రవాడిని కేవలం భయంతో పంపడం నాకు సమ్మతం కాదు. ఆ పనిమీద అతనికే నిజమైన ఆసక్తి ఉంటే అది వేరే సంగతి.

ఈ వారంలోనే కోర్టు నుంచి తీర్పు ధ్రువీకృత ప్రతి తీసుకోండి. ఏ సెక్షన్ కింద దోషిగా తేల్చారో, దోషిని మందలించి లేదా సత్ప్రవర్తన హామీపై వదిలిపెట్టే 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3 లేదా 4వ సెక్షన్ కింద విడుదల చేశారో లేదో న్యాయవాదికి చూపించి తెలుసుకోండి. అలా విడుదలైనవారికి శిక్షవల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతోంది. జరిమానా కట్టిన రసీదును కూడా ఆ ప్రతితో కలిపి భద్రపరచండి. అబ్బాయిని చదువుకోనివ్వండి, ఫారం అతని చేతే నిజాయితీగా నింపించండి.