మాస్టారి జవాబులు: బస్‌స్టాపు చూసి ఇల్లు తీసుకోండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు కెనడాలోని బ్రాంప్టన్ గురించే. మా అమ్మాయి దగ్గర రెండు దఫాలుగా ఏడాదిన్నర ఉండి బరంపురం తిరిగొచ్చానని ఒకసారి రాశాను, అప్పట్నుంచి ఇదే వరస. సరే, నాకూ చెప్పాలనే ఉంది.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయికి బ్రాంప్టన్‌లో షెరిడన్ కాలేజీ డేవిస్ క్యాంపస్‌లో సీటొచ్చింది. రెండు గదులు చూసుకున్నాడు. ఒకటి ఊరికి ఉత్తరాన కొత్త కాలనీలో బేస్‌మెంటు, అద్దె తక్కువ. రెండోది గేట్‌వే బస్ టెర్మినల్ దగ్గర, నెలకు 150 డాలర్లు ఎక్కువ. మ్యాపులో చూస్తే మొదటిదానికీ బస్సు రోడ్డు పక్కనే కనిపిస్తోంది, ఆ డబ్బు ఎందుకు తగలెయ్యడం అంటున్నారు మా ఆయన. మీరేమంటారు?
- ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: రెండోదే తీసుకోమనండమ్మా. మీ ఆయన నన్ను తిట్టుకున్నా పర్లేదు.

చిక్కంతా ఆ మ్యాపులోనే ఉంది. స్టీల్స్, క్వీన్, బొవెయిర్డ్, శాండల్‌వుడ్ ఇటూ, మెక్‌లాఫ్లిన్, కెనెడీ, డిక్సీ అటూ, గళ్ళ లుంగీ మీద గీతల్లా పెద్ద రోడ్లు పోతాయి, ఒక్కో గడి కిలోమీటరు పైనే ఉంటుంది. బస్సులు ఎక్కువగా ఆ గీతల మీదే తిరుగుతాయి. గడి లోపల ఇళ్ళున్న వీధులు మాత్రం మెలికలు తిరిగి, కొన్ని మూసుకుపోయి, ఎక్కడ మొదలెట్టామో అక్కడికే తెచ్చి వదిలేలా ఉంటాయి. పెరటి కంచె అవతల బస్సు పోతున్న చప్పుడు వినబడుతూనే ఉంటుంది, ఆ స్టాపుకు చేరాలంటే మాత్రం చుట్టూ తిరిగి పావుగంట నడవాలి. జనవరిలో మైనస్ పదిహేనులో, అదీ గాలి కొడుతుంటే ఆ పావుగంట ఎంత పొడవో నాకు తెలుసు. దారింగిబాడి చలి చూసొచ్చి గొప్పలు చెప్పుకునేవాణ్ణి, అక్కడికెళ్ళాక నోరు మూసుకున్నాను. పైగా చెయ్యెత్తితే ఆగే షేర్ ఆటో అక్కడ లేదు.

ఊరు పెరిగిన తీరు కూడా చూడండి. 2011 జనగణనలో 5,23,911 మంది, 2021కి 6,56,480. ఈ పెరుగుదల చాలావరకు అంచుల్లోని కొత్త కాలనీల్లోనే. ముందు ఇళ్ళొస్తాయి, బస్సులు పెరగడం ఆ తర్వాతి మాట. పిల్లాడు పార్ట్‌టైం డ్యూటీ దిగి రాత్రి పదకొండుకు స్టాపులో నిలబడితే తెలుస్తుంది 150 డాలర్ల విలువ. నెలకు నాలుగైదు సార్లు ఊబర్ ఎక్కితే అదీ మిగలదు.

గేట్‌వే టెర్మినల్ స్టీల్స్, మెయిన్ కలిసేచోట ఉంది. కాలేజీ కూడా స్టీల్స్ మీదే, ఎండాకాలం నడిచే వెళ్ళిపోవచ్చు. స్టీల్స్ మీద 511, మెయిన్ మీద 502, జూమ్ అని తక్కువ స్టాపులుండే బస్సులు. బస్సు ఛార్జీ కట్టే ప్రెస్టో కార్డు కొనుక్కోమనండి, ఒకసారి తాకిస్తే రెండు గంటల దాకా బస్సు మారినా మళ్ళీ కట్టక్కర్లేదు. 2024 ఫిబ్రవరి నుంచి అదే కార్డుతో టొరంటో సబ్‌వేలోకి మారినా రెండో ఛార్జీ లేదు.

గది ఏదైనా సరే, బేస్‌మెంటయితే అది సిటీ దగ్గర రిజిస్టరయిందా అని అడగాలి, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం కళ్ళారా చూడాలి. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో అద్దె అడ్వాన్సుగా చివరి నెల అద్దె తప్ప ఇంకేదీ అడగకూడదు, మూడు నెలలు ఆరు నెలలు ఇమ్మంటే లొంగొద్దు. ఒక్క మెలిక ఉంది: వంటగదో బాత్‌రూమో ఇంటి యజమానితో కలిసి వాడుకునే ఏర్పాటయితే ఆ అద్దె చట్టం వర్తించదు. ఆ సంగతి చాలామందికి గొడవయ్యాకే తెలుస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, నాకు 67, మా ఆవిడకు 65. సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండేందుకు ఇచ్చే వీసా) మీద కొడుకు దగ్గరికి వెళ్తున్నాం. కారు నడపడం రాదు. నాలుగు గోడల మధ్య ఉండిపోతామా అని టెన్షన్.
- రాయగడ నుంచి

జవాబు: మొదటి రెండు వారాలు ఉండిపోతారు, తర్వాత అలవాటవుతుంది. అక్కడ బండ్లు కుడివైపున పోతాయి. నేను అలవాటుకొద్దీ అవతలి స్టాపులో నిలబడి, లైబ్రరీకని ఎక్కి బ్రమలీ మాల్‌లో దిగాను. మా అమ్మాయి నవ్వింది గానీ నాకు దారి అలాగే తెలిసింది. బ్రాంప్టన్‌లోనే ఉన్న ఆ బ్రమలీ ప్రాంతంలో ఇంకో సుఖం ఉంది, ఒక్కో పేటలో వీధుల పేర్లన్నీ ఒకే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతాయి. ఎమ్‌తో మొదలయ్యే వీధిలో ఉన్నారంటే ఎమ్ సెక్షన్‌లో ఉన్నట్టే.

65 నిండి ఆ ఊళ్ళో ఉంటున్నవాళ్ళకు 2022 నుంచి సిటీ బస్సు ఉచితం. ప్రెస్టో కార్డు మీద నమోదు చేయించాలి, వయసుకూ చిరునామాకూ రుజువు అడుగుతారు, కాబట్టి అబ్బాయి ఇంటి చిరునామాకు మీ పేరున ఏదో ఒక బ్యాంకు కాగితం వచ్చేలా చూసుకోండి. ఇన్సూరెన్సు మాత్రం నిర్లక్ష్యం చెయ్యకండి. వీసాకి లక్ష డాలర్ల కవరేజీ ఎలాగూ తప్పదు, బీపీ షుగరు ఉంటే పాలసీలో దాచకుండా రాయించండి. బయటికి వెళ్ళినప్పుడు పంజాబీ బామ్మలు పలకరిస్తారు, మీకు హిందీ వస్తుందిగా, ఇక కాలక్షేపానికి లోటుండదు.

ప్రశ్న: సార్, పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చింది. నా ఒడిశా లైసెన్సుతో అక్కడ కారు నడపొచ్చా?
- ఒక కుర్రాడు, జయపురం

జవాబు: స్థిరపడ్డాక 60 రోజులు నడపొచ్చు బాబూ. తర్వాత ఒంటారియో లైసెన్సు కావాలి. రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ పాసవ్వాలి. కాకపోతే నీ అనుభవం రుజువైతే మధ్యలో నెలల తరబడి ఆగక్కర్లేదు, రెండేళ్ళు దాటితే నేరుగా ఆఖరి పరీక్షకే వెళ్ళొచ్చు. ఆ రుజువు కాగితం లైసెన్సు ఇచ్చిన ఆర్‌టీఓ ఆఫీసు నుంచి ఇక్కడే తీయించుకో, అక్కడినుంచి తెప్పించడం నరకం. కారు కొనేముందు ఇన్సూరెన్సు ఎంతో కనుక్కో, బ్రాంప్టన్ చిరునామాకు రేట్లు ఒంటారియోలో అందరికంటే ఎక్కువ చెప్పే చోట్లలో ఒకటి. రాత్రి రెండు నుంచి ఆరు దాకా వీధిలో కారు ఆపనివ్వరు, జరిమానా చీటీ అతికించేస్తారు, అద్దె ఇంటికి పార్కింగ్ ఉందో లేదో ముందే అడుగు.