ఎదుటివాడు మోసం చేస్తుంటే అహింస పనిచేస్తుందా? మా ఊరి పాలకేంద్రం అనుభవం

అహింసతో బతకాలని ఉందిగానీ, ఎదుటివాడు అన్యాయం చేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా, అలా ఉంటే సమాజం మారుతుందా అని అడిగారు. సిద్ధాంతం అటుంచి, చిత్తూరు జిల్లాలోని మా ఊళ్లో జరిగింది చెబుతాను.

మా ఊరికి ఆవులే ఆధారం. కేంద్రంలో పాలు పోస్తే వెన్నశాతాన్ని బట్టి ధర కడతారు. ఆ శాతం చూపించే మిషను తెర ఏజెంటు వైపు తిరిగి ఉండేది. మన చేతికి వచ్చేది చీటీ మాత్రమే. ఆ చీటీలో అంకె నెలనెలా తగ్గుతూ వచ్చింది. కుర్రవాళ్లు క్యాన్లు రోడ్డు మీద కుమ్మరించి, ఏజెంటుకు నాలుగు తగిలిద్దామన్నారు. మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కొట్టారంటే రేపు స్టేషన్లో దొంగ వాడు కాదు నాయనా, మీరే" అంది. ఒకే ఆవు పాలు, ఒకే పూట, రెండు పాత్రల్లో పోసి ఇద్దరి పేర్లతో పంపింది. ఒక చీటీలో 3.9 వచ్చింది, రెండోదాంట్లో 3.3. సాయంత్రానికి ఆ రెండు చీటీలూ ఊళ్లో అందరి చేతులూ మారాయి.

ఆవిడకు ఇది కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం మా వైపూ పాకినప్పుడు, సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్లలో ఆమె ఒకరు. మరుసటి ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది.

ఆ రెండు చీటీలు బయటపడ్డ మర్నాటి నుంచి కేంద్రంలో పాలు పోయడం మానేశాం. అసలు కష్టం అక్కడ మొదలైంది. మనం పంతం పట్టామని ఆవు పాలివ్వడం మానదు కదా. కొందరు తోడుపెట్టి వెన్న తీశారు, కొందరు కోవా కాచి తిరుపతికి మోశారు. ఎండలకు విరిగిపోయినవి విరిగిపోయాయి. ఇంతలో ఒకావిడ తెల్లవారకముందే పక్కూరి కేంద్రంలో పాలు పోస్తోందని తెలిసింది. వెలివేయాలన్నారు కొందరు. పెద్దమ్మ నేరుగా వాళ్లింటికి వెళ్లి "ఏమి ఇబ్బంది వచ్చిందమ్మా?" అని అడిగింది. కొడుకు కాలేజీ ఫీజుకు గడువు దగ్గరపడిందట. డ్వాక్రా సంఘం నుంచి అప్పు ఇప్పించారు. ఆ తరువాత ఆవిడ కూడా మాతో కలిసి కోవా కాచింది.

నన్నడిగితే అహింసా పోరాటంలో సగానికి పైగా ఇదే పని, నష్టాన్ని పంచుకునే ఏర్పాటు. అమెరికాలోని మాంట్‌గొమరీలో నల్లజాతి ప్రజలు 1955 డిసెంబరు నుంచి బస్సుల్లో జాతి వివక్షకు నిరసనగా 381 రోజులు సిటీ బస్సు ఎక్కకుండా ఉండగలిగారంటే, వారిని రోజూ పనికి చేర్చే కార్ల ఏర్పాటు ఒకటి వెనక ఉంది. మన చీరాల-పేరాలలో 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని జనం ఊరే ఖాళీ చేసి, రామనగరమని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి గడిపారు. నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాక, డబ్బూ అడుగంటాక తిరిగి రావలసి వచ్చింది. వాళ్లకు ధైర్యం తక్కువైందని ఎవరనగలరు?

వారం దాటాక డెయిరీ మేనేజరు వచ్చి, ఏజెంటును తీసేస్తామన్నాడు. మావాళ్లు వద్దన్నారు. అతనూ మా ఊరివాడే, రేపు ఎదురుపడితే పలకరించుకోవాలి. మిషను తెర మా వైపు తిప్పండి, నెలకోసారి మా ఎదుటే సరిచూడండి అన్నారు. తిప్పారు. పాత నెలల బాకీ మాత్రం పైసా రాలేదు; దానికి మా నాన్న ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు.

మాంసం మానేయాలా అని కూడా అడిగారు. అది మీ ఇష్టం. రోజూ చీమలకు నూక చల్లే పెద్దమనిషి రాత్రికి రాత్రి పక్కవాడి పొలం గట్టు జరపడం నేను చూశాను. మీ దగ్గర తగువు దేని మీదో రాయలేదు. అది రాయండి, చేతిలో ఏ కాగితాలు ఉన్నాయో కూడా రాయండి.