‘నువ్వైతే నీట్‌గా చేస్తావు’

ప్రశ్న: నలుగురం కలిసి కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నాం. నేనొక్కదాన్నే అమ్మాయిని. ‘నువ్వైతే నీట్‌గా చేస్తావు’ అంటూ మీటింగ్ నోట్సు, రిపోర్టు, స్లైడ్లు నాకే అప్పజెప్పి, కోడింగ్ వాళ్లు పంచుకున్నారు. డేటాబేస్‌లో వచ్చిన చిక్కును నేను విప్పితే, రివ్యూలో ఒకతను అది తన ఆలోచనగా చెప్పుకొన్నాడు. అడిగితే ‘ఇంత చిన్నదానికి సీరియస్ ఎందుకు’ అన్నారు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదు. మీ బాధకు కారణం ఉంది. ఎవరికీ ఇష్టంలేని పనికి ఎవరో ఒకరు పూనుకోవలసి వచ్చినప్పుడు, ఆడా మగా కలిసిన బృందాల్లో మగవారికంటే ఆడవారు 48 శాతం ఎక్కువగా ముందుకు వచ్చారని అమెరికా ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్, ఆమె సహ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అందరూ ఆడవారే, లేదా అందరూ మగవారే ఉన్న బృందాల్లో ఆ తేడా కనిపించలేదు. కాబట్టి దీన్ని మీ మెతకదనంగా భావించకండి. ‘ఆమె ఉందిగా’ అనే ధీమా మిగతావారిని కదలనివ్వదు. మెచ్చుకోలు రూపంలో వచ్చే పనిని కాదనడం కష్టమే, అయినా ఆ మెచ్చుకోలుకు మార్కులు పడవు.

వచ్చే మీటింగులో పాత తగవు తీయకుండా, ‘ఈ వారం నోట్సు ఎవరు రాస్తారు? డేటాబేస్ భాగం నేను తీసుకుంటాను’ అని ముందుగా మీరే అనండి. నోట్సు, స్లైడ్లు వారానికొకరి వంతుగా మారాలని అడగడంలో తప్పేమీ లేదు.

గూగుల్ డాక్స్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే వెర్షన్ హిస్టరీ, కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే కమిట్లు మీకు అండగా ఉంటాయి గాని, వాటినే పూర్తిగా నమ్ముకోవద్దు. అవి ఎక్కించినవారి పేరు చూపుతాయే తప్ప ఆలోచించినవారి పేరు చూపవు. మీరు కాగితం మీద గీసిచ్చిన డేటాబేస్ టేబుళ్ల అమరికను మరొకరు టైపు చేస్తే, అక్కడ కనిపించేది ఆయన పేరే. అందుకే పరిష్కారం తట్టిన రోజే గ్రూపులో రెండు వాక్యాలు రాసి పెట్టండి, కోడ్‌ను మీ అకౌంటు నుంచే ఎక్కించండి.

ఆ మిత్రుడితో ఒంటరిగా, ‘ఆ పరిష్కారం నాది, తర్వాతి రివ్యూలో దాన్ని నేనే వివరిస్తాను’ అని నెమ్మదిగా చెప్పండి. కావాలని చేశాడో, మాటల ఊపులో అలా వచ్చేసిందో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆపైనా మారకపోతే గైడ్‌ను కలిసి, ఎవరి మీదా ఫిర్యాదుగా కాకుండా, ఎవరి భాగాన్ని వారే వివరించే పద్ధతి పెట్టమని కోరండి. మిగిలిన ముగ్గురూ దానికి అభ్యంతరం చెప్పడం అంత సులభం కాదు.