కత్తి పిడి మీద పసుపు మరకలు

ప్రశ్న: మా తాతగారి సోలింగెన్ (జర్మనీ) మంగలి కత్తి తెల్లపిడి పసుపెక్కింది. అలుగు మడిచే చోట గోధుమ మచ్చలున్నాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టవచ్చా?

జవాబు: ముందు పిడి దేనితో చేసిందో తేల్చుకోండి. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. దాన్ని దేనిలోనూ నానబెట్టకండి. అసిటోన్ (గోళ్లరంగు తుడిచే ద్రవం) తగిలితే కరుగుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కాల్చిన సూదితో పరీక్ష అసలే వద్దు.

సెల్యులాయిడ్ పిడి అయితే అలుగుకు టేపు చుట్టి, పిడిని సబ్బునీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. 1000, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌ను (సన్నటి గరుకు కాగితం) కాస్త తడిపి పొడవు వెంట మెల్లగా రుద్దండి. చివర్లో తెల్ల టూత్‌పేస్టుతో మెరుగు పెట్టండి. పైపొర పసుపు పోతుంది, లోపలికి దిగినది పోదు.

గోధుమ మచ్చల దగ్గర ఘాటైన పులుపు వాసన, సన్నటి చీలికలు ఉంటే సెల్యులాయిడ్ కుళ్లుతోందన్నమాట. అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి అలుగుకు తుప్పు పట్టిస్తుంది. దీనికి మందు లేదు, పిడి మార్పించాల్సిందే. అందాకా అలుగును మడిచి ఉంచకండి.

సన్నటి నల్లచుక్కలు, గీతలు కనిపిస్తే అది ఎముక. 3 శాతం పెరాక్సైడ్‌ను దూదితో అద్ది, 10 నిమిషాలకు తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. అవసరమైతే మర్నాడు మళ్లీ చేయండి. నానబెడితే ఎముక ఉబ్బి, ఆరేటప్పుడు అలుగును పిడికి బిగించే పిన్ను దగ్గర చీలుతుంది.