ఊపిరి ఇడియమ్స్‌తో తికమక.. ఎలా గుర్తుంచుకోవాలి?

ప్రశ్న: తెలుగు మీడియంలో డిగ్రీ పూర్తిచేశాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. ఇంగ్లిష్ ఇడియమ్స్ (జాతీయాలు) ఎన్నిసార్లు బట్టీ పట్టినా నిలవడం లేదు. ‘బ్రెత్’ మాటతో వచ్చేవైతే మరీ కలగాపులగం అవుతున్నాయి. ఏం చేయాలి?
- ఒక అభ్యర్థి, ఖమ్మం

జవాబు: మీ దగ్గరున్న జాబితా బహుశా అక్షరక్రమంలో ఉండి ఉంటుంది. ‘క్యాచ్ యువర్ బ్రెత్’ ఒకచోట, ‘సేవ్ యువర్ బ్రెత్’ ఎన్నో పేజీల తర్వాత ఉంటే తికమక తప్పదు. ఊపిరికి సంబంధించినవన్నీ ఒకే కాగితం మీదకు తెచ్చుకోండి. ఒక్కోదాని ఎదురుగా, ఆ సందర్భంలో మీ ఇంట్లో ఏమంటారో రాయండి.

చాలావాటికి మన మాట సిద్ధంగానే ఉంది. ‘వేస్ట్ యువర్ బ్రెత్’ అంటే కంఠశోష. ‘సేవ్ యువర్ బ్రెత్’ అంటే ఆ కంఠశోష ఎందుకు, ఊరుకో అని. ‘అండర్ వన్స్ బ్రెత్’ అంటే నోట్లో గొణుక్కోవడం. ‘ఇన్ ద సేమ్ బ్రెత్’ అంటే పొగిడిన నోటితోనే తిట్టడం లాంటిది. ‘బ్రీద్ వన్స్ లాస్ట్’ అంటే తుది శ్వాస విడవడం. ‘అవుట్ ఆఫ్ బ్రెత్’ అంటే మెట్లెక్కి వచ్చినవారి ఆయాసమే, వేరే గూఢార్థం వెతకకండి.

‘విత్ బేటెడ్ బ్రెత్’ అంటే ఊపిరి బిగబట్టి ఎదురుచూడటం. షేక్‌స్పియర్ నాటకం ‘ద మర్చంట్ ఆఫ్ వెనిస్’ మొదటి అంకంలో వడ్డీ వ్యాపారి షైలాక్ వెటకారంగా అనే మాటల్లో ఇది కనిపిస్తుంది. అక్కడ అది అణిగిమణిగి మాట్లాడే గొంతు, ఇప్పటి వాడుకలో ఆత్రుత. ‘బేటెడ్’ స్పెల్లింగ్‌లో ‘ఐ’ అక్షరం ఉండదు. చేరిస్తే ‘ఎర వేసిన’ అనే అర్థం వస్తుంది. పేరున్నవారు కూడా ఇక్కడ పొరబడుతుంటారు.

అసలు చిక్కు మన పలుకుబడికి కుదరని వాటితోనే. ‘టేక్ యువర్ బ్రెత్ అవే’ని మాటకు మాట తెలుగు చేసుకుంటే ప్రాణం తీసినట్టుంటుంది. నిజానికి అబ్బురంతో నోట మాట రాకపోవడం అది. ‘డోంట్ హోల్డ్ యువర్ బ్రెత్’ చూసి ‘కంగారు పడవద్దు’ అనే ఆప్షన్ గుర్తిస్తారు చాలామంది. వచ్చే నెలలో రోడ్డు వేయిస్తామని నాయకుడు మాటిస్తే పెద్దవాళ్లు ‘ఆఁ, వేయిస్తారు వేయిస్తారు’ అని దీర్ఘం తీస్తారే, ఆ ధోరణి అది. జరిగేది కాదు, ఆశ పెట్టుకోకు అని అర్థం. ‘బ్రీద్ డౌన్ సమ్‌వన్స్ నెక్’ అంటే నెత్తిన కూర్చుని పని చేయించడం. ఇలాంటివాటికి ఎర్ర సిరా వాడండి, తప్పు ఆప్షన్లు తయారయ్యేది ఇక్కడినుంచే.

సీజీఎల్ మొదటి దశ అయిన టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. అందులో ఇడియమ్స్ వాటా కొద్దిగానే కాబట్టి లావుపాటి పుస్తకాలు కొననవసరం లేదు. పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే చాలు, వచ్చినవే మళ్లీ వస్తుంటాయి. సీజీఎల్‌కు ఇంటర్వ్యూ లేదు గనుక వీటిని ధారాళంగా మాట్లాడాలన్న బెంగ కూడా అక్కరలేదు. చూడగానే అర్థం తట్టాలి, అంతే.

ఆ కాగితం అడుగున ఇంకొకటి రాసుకోండి. ఈ మాట స్పెల్లింగ్ చివర ‘ఈ’ (e) అక్షరం ఉంటే క్రియ, పలకడం ‘బ్రీద్’. లేకపోతే నామవాచకం, ‘బ్రెత్’. వాక్యంలో తప్పు పట్టమనే ప్రశ్నల్లో ఈ తేడా పనికొస్తుంది.